త్సుకుబా సైన్స్ సిటీకి పరిశోధకులుగా వచ్చే తెలుగువారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లోని త్సుకుబాకు పోస్ట్‌డాక్‌గానో (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ళు చేసే పరిశోధన), పరిశోధన ఉద్యోగిగానో రాబోతున్న మనవాళ్ళు ఏటా ఇవే సందేహాలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతాం. ఆ ఒక్కటే తర్వాత వాళ్ళకి పెద్ద తలనొప్పి అవుతుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీ దశకి సంబంధించిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

ఆఫర్ రాగానే అందరూ ల్యాబ్ గురించీ, ప్రొఫెసర్ గురించీ వాకబు చేస్తారు. ఇక్కడ నేను చూసినంతలో, వచ్చినవాళ్ళు స్థిరపడతారా తిరుగు ప్రయాణం కడతారా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి: కాంట్రాక్టు గడువు, భార్య లేక భర్త ఉద్యోగం, పిల్లల చదువు. ఈ జవాబుల్లో వాటికే ఎక్కువ చోటిచ్చాను.

## ఆఫర్ వచ్చాక, బయల్దేరకముందు

త్సుకుబా అసలు ఎలాంటి ఊరు? టోక్యో పక్కనే అంటున్నారు, నిజమేనా?

ఇబరాకి ప్రిఫెక్చర్‌లో ఉంది, టోక్యోకి ఈశాన్యంగా. టోక్యోలో కిక్కిరిసిన ప్రభుత్వ పరిశోధన సంస్థల్ని తరలించడానికి 1963లో జపాన్ మంత్రివర్గం ఎంచుకున్న చోటు ఇది. పొలాలు, పైన్ తోటల మధ్య ప్రణాళిక వేసి కట్టిన ఊరు. 1973లో త్సుకుబా విశ్వవిద్యాలయం వచ్చింది, 1985లో ఇక్కడే అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. పదార్థ విజ్ఞాన సంస్థ నిమ్స్, కణ భౌతిక శాస్త్రానికి కేఈకే, పారిశ్రామిక పరిశోధనకి ఎయిస్ట్, జాక్సా అంతరిక్ష కేంద్రం, వ్యవసాయ, పర్యావరణ, వాతావరణ పరిశోధన సంస్థలు అన్నీ ఈ ఒక్క ఊళ్ళోనే. జనాభా రెండున్నర లక్షల చిల్లర, అందులో విదేశీయులు పదివేలకు పైనే.

2005లో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు మొదలయ్యాక టోక్యోలోని అకిహబరాకి 45 నిమిషాల్లో చేరిపోతున్నాం. అయితే రైలు దిగాక కనిపించేది టోక్యో కాదు. వెడల్పాటి రోడ్లు, చెట్లు, దూరదూరంగా క్యాంపస్‌లు, రాత్రి ఎనిమిదికే నిశ్శబ్దం. ప్రశాంతత కోరుకునేవాళ్ళకి స్వర్గం. సందడికి అలవాటుపడ్డవాళ్ళకి మొదటి చలికాలం గడవడం కష్టం.

మన తెలుగు రాష్ట్రాలకీ ఈ ఊరికీ ఏదైనా సంబంధం ఉందా, లేక నేనొక్కడినే అవుతానా?

ఒక్కరే అవ్వరు. కేఈకేలో జరిగే బెల్ 2 అనే కణ భౌతిక ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ భాగస్వామి. అదే కేఈకేలోని ఫోటాన్ ఫ్యాక్టరీలో భారత ప్రభుత్వ నిధులతో నడిచే ఇండియన్ బీమ్‌లైన్ (ఎక్స్‌రే కిరణాలతో పదార్థాల్ని పరిశీలించే చోటు) ఉంది, మన దేశంలోని ల్యాబ్‌ల నుంచి విద్యార్థులు కొలతల కోసం అక్కడికి వచ్చి వెళ్తుంటారు. ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ నిర్మాణంలో జపాన్ సహకారం ఉండటం వల్ల ఆ దారిలో జపాన్‌కి చదువుకోవడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నిమ్స్‌లో భారతీయులు బాగా కనిపిస్తారు, అందులో తెలుగు వినపడని ఏడాది ఉండదు.

ల్యాబ్‌లో ఇంగ్లిష్ చాలన్నారు. జపనీస్ నేర్చుకోవాల్సిందేనా?

ల్యాబ్‌లో నిజంగానే ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది. నిమ్స్‌లో 2007లో పెట్టిన మానా కేంద్రం ఇంగ్లిష్‌నే పని భాషగా పెట్టుకుని మొదలైంది. కానీ మీరు రోజంతా ల్యాబ్‌లోనే బతకరు. ఇంటి యజమాని, పిల్లల డాక్టరు, బడి నుంచి వచ్చే చీటీ, గ్యాస్ కంపెనీ ఫోను, అన్నీ జపనీస్‌లోనే. ఆఫర్ వచ్చిన రోజు నుంచి వీసా వచ్చేదాకా మూడు నాలుగు నెలలు ఎలాగూ ఉంటాయి. ఆ సమయంలో హిరగానా, కటకానా అనే జపనీస్ లిపులు రెండూ చదవడం రావాలి. ఇది కోరిక కాదు, షరతు అనుకోండి. ఇంట్లో ఉండబోయేవారు మీకంటే ముందు నేర్చుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే ఊరితో రోజూ మాట్లాడేది వాళ్ళే.

కాంట్రాక్టు ఒక్క ఏడాదికే ఇచ్చారు. ఇండియాలో ఉద్యోగం వదిలేసి రావచ్చా?

ఏడాది కాంట్రాక్టు అంటే కంగారుపడకండి, ఇక్కడ అది మామూలే. జపాన్ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, చాలా సంస్థలు ఆ తేదీకి కాంట్రాక్టు ముగించి ఏప్రిల్ 1 నుంచి కొత్తది రాస్తాయి. మీరు అక్టోబరులో చేరితే మొదటి కాగితం ఆరు నెలలకే ఉండొచ్చు.

అడగాల్సింది వేరు. మెయిల్‌లో మూడు ప్రశ్నలు సూటిగా రాయండి. ఈ పోస్టుని గరిష్ఠంగా ఎన్నేళ్ళు పొడిగించవచ్చు? జీతం ఏ ప్రాజెక్టు డబ్బులోంచి వస్తుంది, ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుంది? పొడిగింపు సంగతి గడువుకి ఎన్ని నెలల ముందు చెబుతారు? ప్రొఫెసర్ "చూద్దాం, కష్టమేమీ కాదు" అని రాస్తే అది హామీ కాదు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ప్రాజెక్టు ముగిస్తే ఆయన చేతిలోనూ డబ్బుండదు. సెలవు పెట్టి రాగలిగే ఉద్యోగం మీకు ఇండియాలో ఉంటే రాజీనామా చేయకండి.

జేఎస్‌పీఎస్ ఫెలోషిప్ మంచిదా, సంస్థ ఇచ్చే పోస్ట్‌డాక్ ఉద్యోగం మంచిదా?

జేఎస్‌పీఎస్ అంటే పరిశోధనకి నిధులిచ్చే జపాన్ ప్రభుత్వ సంస్థ. గౌరవం దృష్ట్యా దాని ఫెలోషిప్ గొప్పది, తర్వాత ఎక్కడికి వెళ్ళినా బయోడేటాలో నిలబడుతుంది. పోస్ట్‌డాక్ ఫెలోలకి నెలకు 3,62,000 యెన్ల భృతి చాలా ఏళ్ళుగా ఇస్తూ వచ్చారు, సాధారణంగా 12 నుంచి 24 నెలలు. గుర్తుంచుకోవాల్సిందల్లా అది జీతం కాదన్నది. మీరు ఉద్యోగి కారు కాబట్టి ఉద్యోగుల పెన్షన్, నిరుద్యోగ బీమా ఉండవు. జాతీయ ఆరోగ్య బీమాలో, జాతీయ పెన్షన్‌లో మీ అంతట మీరే చేరి కట్టాలి. సంస్థ ఉద్యోగంలో ఇవన్నీ జీతంలోంచే కట్ అవుతాయి, సగం సంస్థ భరిస్తుంది, భార్యాపిల్లల ఆరోగ్య బీమాకి అదనంగా కట్టక్కర్లేదు. ఒంటరిగా రెండేళ్ళకి వచ్చేవాళ్ళకి జేఎస్‌పీఎస్. కుటుంబంతో వచ్చి ఉండిపోవాలనుకునేవాళ్ళకి ఉద్యోగం. నా మాట ఇది.

నా భార్యని, పాపని కూడా తీసుకురావాలి. ఏ కాగితాలు ముందే చేయించుకోవాలి?

మొదటిది పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మనలో చాలామంది శుభలేఖ, ఫోటోలు చాలనుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోరు. కుటుంబ వీసాకి అవి చాలవు. పాప జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాలి, అక్షరం తేడా ఉంటే మున్సిపాలిటీలో ముందే సరిచేయించండి. డిగ్రీ పట్టాలు అసలువి తెచ్చుకోండి. పాప టీకాల కార్డుని ఇంగ్లిష్‌లో రాయించి డాక్టరు సంతకం పెట్టించుకుంటే, ఇక్కడి షెడ్యూల్‌తో పోల్చి మిగిలినవి వేస్తారు.

సంస్థ ఇక్కడి నుంచి వీసాకి కావాల్సిన అర్హతా పత్రం (సీఓఈ) తెప్పిస్తుంది, అది వచ్చాక మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి. కుటుంబానికి కూడా మీతోపాటే దరఖాస్తు పెట్టమని అడగండి. ఇల్లు చూసుకుని తర్వాత తెచ్చుకుంటానంటే అదీ మంచి పద్ధతే.

పాస్‌పోర్టులో నా ఇంటిపేరు సరిగ్గా లేదు. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే, అదీ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రెసిడెన్స్ కార్డు మీదికి ఎక్కుతుంది. అక్కడ ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరు గడిలో నాలుగు మాటలుంటే, జపాన్ ఫారాల్లో ఇంటిపేరు కింద ఏది రాయాలో ప్రతి కౌంటర్‌లోనూ చర్చే.

దానికి తోడు బ్యాంకు, పెన్షన్, జీతం రికార్డులన్నీ కటకానా లిపిలో నడుస్తాయి. వెంకట లక్ష్మీ నారాయణ అనే పేరు తీసుకోండి. "వెం"ని ఒకరు "వెన్" అని, ఇంకొకరు "బెన్" అని రాస్తారు. "లక్ష్మీ"ని ఒకచోట "రకుషుమి" అని, మరోచోట "రకుష్మీ" అని రాస్తారు. ఒక బ్యాంకు గడుల్లో పేరు పట్టక చివర కత్తిరిస్తారు. సంస్థ జీతం పంపినప్పుడు కటకానా కలవక డబ్బు వెనక్కి పోతుంది. అందుకని సిటీ హాల్‌కి వెళ్ళకముందే మీ పేరు కటకానా రూపం ఒక్కటి నిర్ణయించుకోండి, ఒక కాగితం మీద పెద్దగా రాసుకుని జేబులో పెట్టుకోండి. సిటీ హాల్, బ్యాంకు, సంస్థ, ఫోను కంపెనీ, అన్నిచోట్లా అదే కాగితం చూపించండి. వీలైతే భారత్‌లో ఉండగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా పెట్టించుకోవడం అన్నిటికన్నా మేలు.

సూట్‌కేసులో ఏవి తేవచ్చు, ఏవి తేకూడదు?

చికెన్, మటన్ పచ్చళ్ళు వద్దు. మాంసంతో చేసినది ఏదైనా, నూనెలో వేయించినా సరే, ధ్రువపత్రం లేకుండా దేశంలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా అంతే. ఆవకాయ, పొడులు, పప్పులు మామూలుగా అందరం తెచ్చుకుంటూనే ఉన్నాం. డాక్టరు రాసిన మందులు నెల రోజులకి మించి తేవాలంటే ముందే జపాన్ ఆరోగ్య శాఖ అనుమతి పత్రం తీసుకోవాలి. బీపీ, థైరాయిడ్ మందులు ఆరు నెలలవి కట్టించుకునేవాళ్ళు ఇది గమనించండి.

మిక్సీ సంగతి చాలామంది అడుగుతారు. ఇక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ పెడితే గింజ నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే 750 వాట్ల మిక్సీకి అంతకంటే పెద్దది కావాలి, అది ఇటుకంత బరువు. అమెరికా వాళ్ళ కోసం తయారుచేసే 110 వోల్టుల మిక్సీ, గ్రైండర్ మన ఊళ్ళోనే దొరుకుతాయి, అవి కొనుక్కోండి. కాస్త నెమ్మదిగా అయినా పిండి రుబ్బుతాయి.

## దిగిన మొదటి నెలల్లో

ఎయిర్‌పోర్టులో దిగాక మొదటి రెండు వారాల్లో ఏం చేయాలి?

రెసిడెన్స్ కార్డు ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు. ఇంట్లో చేరిన 14 రోజుల్లోపు సిటీ హాల్‌కి వెళ్ళి చిరునామా నమోదు చేయించాలి. త్సుకుబా సిటీ హాల్ కెన్‌క్యూ గకుఎన్ స్టేషన్ దగ్గరుంది. అదే రోజు, ఉద్యోగుల బీమా లేనివాళ్ళు ఆరోగ్య బీమా, పెన్షన్ చేరికలు కూడా ముగించుకోండి, పాప ఉంటే పిల్లల భత్యానికీ అప్పుడే దరఖాస్తు పెట్టండి, ఆలస్యమైన నెలల డబ్బు తిరిగి రాదు. తర్వాత మై నంబర్ (మన ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య) పోస్టులో వస్తుంది. 2024 డిసెంబరు నుంచి కొత్తగా ఆరోగ్య బీమా కార్డులు ఇవ్వడం ఆపేశారు, మై నంబర్ కార్డునే ఆసుపత్రిలో వాడుతున్నారు, కనుక ఆ కార్డుకి వెంటనే అప్లై చేయండి.

ఇల్లు దొరకడం కష్టమా? విదేశీయులకి ఇవ్వరంటున్నారు.

ఇవ్వనివాళ్ళు ఉన్నారు. ఏజెంటు ఫోనులో యజమానితో మాట్లాడి, "విదేశీయులు వద్దంటున్నారు" అని మీ ముందే చెబుతాడు. మనసు చివుక్కుమంటుంది, కానీ పక్క ఇంటికి వెళ్ళడమే మార్గం. డిపాజిట్, యజమానికిచ్చే తిరిగి రాని కీ మనీ, ఏజెంటు ఫీజు, హామీ సంస్థ ఫీజు, మొదటి నెల అద్దె కలిపితే నాలుగైదు నెలల అద్దె ఒకేసారి పోతుంది. పైగా ఇల్లు ఖాళీ గోడలతో ఇస్తారు, కొన్నిచోట్ల లైటు, స్టవ్ కూడా మనమే కొనుక్కోవాలి.

అందుకే మొదటి ఏడాది విదేశీ పరిశోధకుల కోసం కట్టిన నివాసాల్లో ఉండటం తెలివైన పని. నినోమియా హౌస్ అలాంటిదే, సామాను అమర్చి ఉంటుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ళుంటారు, పక్కింట్లో మరో దేశపు పరిశోధకుడి కుటుంబం ఉంటుంది. ఉండే గడువుకి పరిమితి ఉంటుంది కాబట్టి తర్వాత బయట వెతుక్కోక తప్పదు. కీ మనీ, హామీదారు అడగని యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఇళ్ళు ఖాళీ ఉన్నాయేమో అప్పుడు ముందుగా చూడండి.

కారు లేకుండా బతకొచ్చా? ఇండియా లైసెన్సు పనికొస్తుందా?

స్టేషన్ దగ్గర, తకెజోనో, నినోమియా ప్రాంతాల్లో ఉంటే సైకిలు చాలు. విశ్వవిద్యాలయం నుంచి ఊరి మధ్యగుండా కార్లు రాని కాలిబాటలు కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయి, పిల్లలతో వెళ్ళినా భయం లేదు. కేఈకే మాత్రం ఊరికి ఉత్తరాన దూరంగా ఉంది, బస్సులు పలచగా ఉంటాయి. కుటుంబం ఉంటే చాలామంది రెండో ఏడాదికి చిన్న కారు కొంటారు.

భారత్‌లో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్‌తో దిగినప్పటి నుంచి ఏడాది నడపవచ్చు. తర్వాత జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలి. మనకి రాతపరీక్ష, నడిపే పరీక్ష రెండూ ఉంటాయి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షని 10 ప్రశ్నల నుంచి 50కి పెంచారు. పరీక్ష కేంద్రం మితో నగరం దగ్గర ఉంది, రోజంతా పడుతుంది. నడిపే పరీక్ష ఒకసారికే పాసైనవాళ్ళు తక్కువ, తప్పితే కుంగిపోకండి. లైసెన్సు తీసుకున్నాక భారత్‌లో కనీసం మూడు నెలలు ఉన్నట్టు పాత పాస్‌పోర్టుతో చూపాలి, దాన్ని పారేయకండి.

మేము శాకాహారులం. తినడానికి ఏమైనా దొరుకుతుందా?

బయట తినడం కష్టం. కూరగాయల సూప్‌లో కూడా చేప మరిగించిన నీళ్ళుంటాయి, బ్రెడ్డులో పంది కొవ్వు ఉండొచ్చు. లేబుల్ మీద మాంసం, చేప, పంది అనే అక్షరాల ఆకారాలు గుర్తుపట్టడం మొదటి వారంలోనే నేర్చుకోండి. ఇంట్లో వంటకి లోటు లేదు. బెండకాయ, వంకాయ, సొరకాయ వేసవిలో పొలాల దగ్గరి దుకాణాల్లో తాజాగా దొరుకుతాయి. బియ్యం, పప్పులు, మినుములు హలాల్ షాపుల్లోనో, ఆన్‌లైన్‌లోనో, టోక్యోలోని షిన్ ఒకుబో, నిషి కసాయి దుకాణాల్లోనో కొనుక్కుంటాం. గోంగూర గింజలు ఎవరో ఒకరు పంచుతూనే ఉంటారు, వేసవి వేడికి కుండీలో చక్కగా వస్తుంది.

భూకంపాలు, ఫుకుషిమా అంటే ఇంట్లో పెద్దవాళ్ళు భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

2011 మార్చి 11 భూకంపానికి త్సుకుబాలో పరికరాలు దెబ్బతిన్నాయి, ప్రయోగాలు నెలలపాటు ఆగాయి. అయినా ఊరు నిలబడింది. ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం ఇక్కడికి 170 కిలోమీటర్ల దూరం. రేడియేషన్ కొలతలు ఎప్పటికప్పుడు బహిరంగంగా పెడుతుంటారు, మామూలు స్థాయిలోనే ఉంటున్నాయి. చిన్న ప్రకంపనలు నెలకోసారైనా వస్తాయి. బీరువాలు గోడకి బిగించండి, మంచం పక్కన చెప్పులు పెట్టుకోండి, మూడు రోజుల నీళ్ళు ఇంట్లో ఉంచండి.

## ల్యాబ్‌లో

మీటింగులన్నీ జపనీస్‌లో జరుగుతున్నాయి. నన్ను పక్కన పెడుతున్నారా?

చాలాసార్లు కావాలని చేసేది కాదు. పదిమందిలో తొమ్మిదిమంది జపనీయులైతే మాట దానంతటదే అటు వెళ్ళిపోతుంది. మీరు నోరు తెరిచి అడగకపోతే మీకు అర్థమవుతోందనే అనుకుంటారు. స్లైడ్లు ఇంగ్లిష్‌లో పెట్టమని, నిర్ణయాలు మాత్రం రెండు లైన్లు మెయిల్‌లో రాయమని ప్రొఫెసర్‌ని విడిగా అడగండి. అందరి ముందు అడిగితే ఇబ్బందిపడతారు. భద్రతా శిక్షణ మాత్రం రాజీపడే విషయం కాదు. గ్యాస్ లీకు, మంట, రేడియేషన్ హెచ్చరికలు మీకు తెలిసిన భాషలో వివరించేదాకా సంతకం పెట్టకండి.

నిజంగానే పక్కన పెట్టే ల్యాబ్‌లూ ఉన్నాయి. ప్రయోగం మీది, పేపర్లో పేరు నాలుగోది అయితే, డేటా తేదీలతో సహా నోట్‌బుక్‌లో ఉంచుకోండి. ప్రతి సంస్థలోనూ వేధింపుల ఫిర్యాదు గది ఉంటుంది. వెళ్ళడానికి సంకోచించకండి.

పోస్ట్‌డాక్‌గా ఉంటూ సొంత గ్రాంట్‌కి అప్లై చేయొచ్చా?

కకెన్హి అనే జపాన్ ప్రభుత్వ పరిశోధన గ్రాంట్‌కి ఇంగ్లిష్‌లోనే దరఖాస్తు రాయవచ్చు. సంస్థ మిమ్మల్ని అర్హులుగా గుర్తించి పరిశోధకుల నంబరు ఇప్పించాలి. మీ కాంట్రాక్టు పూర్తిగా ఒకే ప్రాజెక్టుకి కట్టేసినదైతే ఒప్పుకోకపోవచ్చు, చేరిన నెలలోనే ఆఫీసులో అడగండి. డబ్బు చిన్నదైనా, మీ పేరు మీద గ్రాంట్ ఉందన్న మాట తర్వాతి ఉద్యోగానికి పేపర్లంత పని చేస్తుంది.

పదేళ్ళ రూల్ అంటున్నారు. అదేమిటి?

ఒకే యజమాని దగ్గర గడువు కాంట్రాక్టులు మొత్తం ఐదేళ్ళు దాటితే, గడువు లేని ఉద్యోగం అడిగే హక్కు ఇచ్చే చట్టం 2013 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పరిశోధకులకి ఆ ఐదుని పదిగా మార్చారు. దాని ఫలితం, కొన్ని సంస్థలు పదేళ్ళు నిండకముందే కాంట్రాక్టు ఆపేయడం. 2023 మార్చిలో మొదటి జట్టుకి పదేళ్ళు నిండినప్పుడు ఇది దేశవ్యాప్త వివాదమైంది. తొమ్మిదేళ్ళు పనిచేసి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బళ్ళో వేసినవాళ్ళని ఇలా బయటికి పంపడం అన్యాయమని నా అభిప్రాయం. చట్టం అలా ఉన్నంతకాలం మీరు చేయగలిగింది ఒక్కటే, ఐదో ఏట నుంచే వేరే సంస్థల్లో, టెన్యూర్ ట్రాక్ (తర్వాత శాశ్వతం అయ్యే అవకాశమున్న) పోస్టుల్లో ప్రయత్నం మొదలుపెట్టడం. ప్రకటనలు జేఆర్ఈసీ-ఇన్ పోర్టల్‌లో వస్తాయి. శాశ్వత పోస్టుకి కమిటీల్లో పనిచేసేంత జపనీస్ అడిగేవాళ్ళే ఎక్కువ.

## ఇల్లు, కుటుంబం

నా భార్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇక్కడ తనకి పని దొరుకుతుందా?

కుటుంబ వీసా మీద వస్తే, అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు మాత్రమే పని చేయవచ్చు. పూర్తి ఉద్యోగం దొరికితే తన పేరు మీద పని వీసాకి మార్చుకోవచ్చు. త్సుకుబాలో ఇంగ్లిష్‌తో దొరికే ఉద్యోగాలు తక్కువ, టోక్యోలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఉన్నాయి. ఇంటి నుంచి ఆఫీసుకి గంటన్నర వేసుకోండి. మీకు అధిక నైపుణ్య వీసా (పాయింట్ల మీద ఇచ్చేది, కింద చెప్పాను) ఉంటే తనకి పని షరతులు సడలిస్తారు.

ఈ సంగతి పెళ్ళిలాగే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. "ముందు రా, తర్వాత చూద్దాం" అని తీసుకొచ్చిన ఇళ్ళలో రెండో ఏడాదికి మాటలు తగ్గిపోవడం చూశాను. అవతల ఎనిమిదేళ్ళ అనుభవం, టీమ్ లీడ్ హోదా వదులుకుని వచ్చిన మనిషి ఇక్కడ ఫలానావారి భార్యగా మిగిలిపోతుంది. హైదరాబాద్ కంపెనీ ఇంటి నుంచి పని ఒప్పుకున్నా, జపాన్‌లో కూర్చుని చేసే పనికి వీసా, పన్ను నియమాలు వర్తిస్తాయి. ముందే నిపుణుల్ని అడగండి. తను జపనీస్ నేర్చుకునే ఏడాదిని ఇంటి ఖర్చులాగే లెక్కలో వేసుకుని, ఆ ఏడాది పిల్లల పని మీరు పంచుకుంటానని మాటిస్తేనే తీసుకురండి.

నా భార్య పగలంతా ఒంటరిగా ఉండి కుంగిపోతోంది. ఏం చేయాలి?

చలికాలం ముఖ్యంగా జాగ్రత్త. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, త్సుకుబా కొండ వైపు నుంచి పొడి గాలి వీస్తుంది, మీరు ల్యాబ్ నుంచి వచ్చేసరికి తొమ్మిది. రోజు మొత్తంలో తను మాట్లాడింది సూపర్ మార్కెట్ కౌంటర్‌లో ఒక్క ధన్యవాదం కావచ్చు. స్వచ్ఛంద జపనీస్ తరగతులు తక్కువ ఫీజుకే జరుగుతాయి, చిన్నపిల్లల్ని వెంట తెచ్చుకోనిచ్చేవీ ఉన్నాయి. తను ఒక్కతే వెళ్ళమంటే వెళ్ళదు, మొదటి రోజు మీరు సెలవు పెట్టి వెళ్ళండి. నిద్ర, తిండి తగ్గి నెల దాటితే డాక్టరుకి చూపించండి. ఇంగ్లిష్ మాట్లాడే మానసిక వైద్యులు టోక్యోలో దొరుకుతారు. ఇది బలహీనత అని ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.

పాపని డేకేర్‌లో వేయాలంటే ఎలా? మాకు జపనీస్ రాదు.

తల్లిదండ్రులిద్దరూ పని చేస్తున్నట్టో చదువుతున్నట్టో కాగితం ఉంటేనే హోయికుఎన్‌లో (ఇక్కడి డేకేర్) చోటు. ఏప్రిల్‌లో చేరడానికి ముందటి శరదృతువులోనే దరఖాస్తు. తల్లి ఇంట్లో ఉంటే మూడేళ్ళు నిండాక యోచిఎన్‌లో (కిండర్‌గార్టెన్) వేయవచ్చు. 2019 అక్టోబరు నుంచి మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి ఫీజు మినహాయింపు ఉంది.

డేకేర్‌లో చేరాక ఒక నోటుపుస్తకం ఇస్తారు. రోజూ పొద్దున్న దాంట్లో పాప జ్వరం ఎంత, రాత్రి ఎప్పుడు పడుకుంది, ఏం తింది, విరేచనం అయిందా లేదా అని మీరు రాయాలి. సాయంత్రం టీచరు తన వైపు గడిలో రాస్తుంది: ఈ రోజు ఇసుకలో ఆడింది, అన్నం రెండోసారి అడిగింది, నిద్రలో అమ్మా అని పలవరించింది. అనువాదం యాప్‌తో మొదలుపెట్టండి. తప్పుల్ని వాళ్ళు పట్టించుకోరు, రోజూ రాయడాన్నే చూస్తారు. జపనీస్ నిజంగా వచ్చింది ఈ పుస్తకం వల్లే అని చెప్పే తల్లులు చాలామంది ఉన్నారు.

ప్రభుత్వ బడిలో వేయాలా, ఇంటర్నేషనల్ స్కూల్లోనా?

ఎన్నేళ్ళు ఉంటారన్న దాన్నిబట్టి. రెండు మూడేళ్ళయితే, పిల్లలు ఆరేడేళ్ళవాళ్ళయితే, ప్రభుత్వ బడే మంచిది. ఫీజు లేదు, నడిచి వెళ్తారు, ఏడాదిలో భాష వచ్చేస్తుంది. తకెజోనో వైపు బళ్ళకి విదేశీ పిల్లలు కొత్త కాదు. మధ్యాహ్న భోజనంలో మాంసం ఉంటుంది, శాకాహారులు డబ్బా పంపుతామని ముందే మాట్లాడుకోవాలి. ఊళ్ళో ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది, కానీ పోస్ట్‌డాక్ జీతానికి ఇద్దరు పిల్లల ఫీజు చాలా భారం.

అసలు కష్టం తిరిగి వెళ్ళేటప్పుడు. నాలుగో తరగతి దాటాక జపనీస్ బడి నుంచి హైదరాబాద్, విజయవాడ బళ్ళకి మారితే ఇంగ్లిష్, తెలుగు, హిందీ మూడూ కొత్త. తిరిగి వెళ్ళే ఆలోచన ఉంటే పిల్లలకి తొమ్మిదేళ్ళు నిండకముందే నిర్ణయం తీసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడటం ఒక్కటే చాలదు. రోజుకి పావుగంట రాయించండి, అమ్మమ్మకి ఉత్తరం రాయించినా చాలు.

కాన్పు ఇక్కడే చేయించుకోవచ్చా? అమ్మని పిలిపించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, ఆసుపత్రులు మంచివి. ఆరోగ్య బీమా నుంచి 5 లక్షల యెన్ల కాన్పు సాయం వస్తుంది. గర్భం తేలగానే సిటీ నుంచి తల్లీబిడ్డల పుస్తకం తీసుకోండి, ఇంగ్లిష్ ఉన్నదీ దొరుకుతుంది. నొప్పిలేని కాన్పు అన్నిచోట్లా ఉండదు, ముందే అడగండి. బిడ్డ పుట్టాక 14 రోజుల్లోపు సిటీలో నమోదు, 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌లో దరఖాస్తు, ఏడాదిలోపు టోక్యోలోని భారత రాయబార కార్యాలయంలో నమోదు.

అమ్మ 90 రోజుల సందర్శక వీసా మీద రావచ్చు. ఆమెకి ఇక్కడి బీమా ఉండదు కాబట్టి ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కించకండి. అధిక నైపుణ్య వీసా ఉన్నవాళ్ళు, ఇంటి ఆదాయం 80 లక్షల యెన్లకి తగ్గకపోతే, గర్భవతిని లేదా ఏడేళ్ళలోపు బిడ్డని చూసుకోవడానికి ఒకవైపు తల్లిదండ్రుల్ని ఎక్కువకాలం ఉంచుకోవచ్చు.

## ఏళ్ళు గడిచాక

రెండో ఏడాది జూన్ నుంచి జీతం తగ్గింది. తప్పు జరిగిందా?

తప్పేమీ లేదు. స్థానిక నివాస పన్ను కిందటి ఏడాది ఆదాయం మీద, దాదాపు పది శాతం, జూన్ నుంచి కట్ అవుతుంది. మొదటి ఏడాది అది ఉండదు కాబట్టి అప్పటి జీతం చూసి ఈఎంఐలు పెట్టుకోకండి.

ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బు పంపుతున్నాను. పన్ను తగ్గుతుందా?

తగ్గుతుంది, కాగితాలు ఉంటే. బంధుత్వం చూపే పత్రం, బ్యాంకు ద్వారా పంపిన రసీదు, వాటి అనువాదం కావాలి. ఇద్దరికీ విడివిడిగా పంపాలి, నాన్న ఖాతాకి పంపితే అమ్మకి లెక్కలోకి రాదు. 2023 నుంచి 30 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉన్న బంధువులకి నియమం కఠినం చేశారు, సాధారణంగా ఒక్కొక్కరికి ఏడాదికి 3,80,000 యెన్లు తగ్గకుండా పంపితేనే మినహాయింపు. మరొకటి, ఇక్కడ ఐదేళ్ళు దాటాక భారత్‌లోని అద్దె, డిపాజిట్ వడ్డీ కూడా జపాన్ పన్ను లెక్కలో చూపాలి. ఇది చాలామందికి తెలియదు.

పాయింట్ల వీసా, పర్మనెంట్ రెసిడెన్సీ నాకు వస్తాయా?

పరిశోధకులకి ఇది అందుబాటులో ఉన్న దారే. పీహెచ్‌డీకి 30 పాయింట్లు, 30 నుంచి 34 ఏళ్ళ వయసుకి 10, పరిశోధన ఫలితాలకి 20 నుంచి 25, జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి పాసైతే 10, పని అనుభవానికి, జీతానికి మరికొన్ని. 70 వస్తే అధిక నైపుణ్య వీసా, మూడేళ్ళకి శాశ్వత నివాసానికి దరఖాస్తు. 80 వస్తే ఏడాదికే. మామూలు దారిలో పదేళ్ళు ఆగాలి. పన్ను, పెన్షన్, బీమా గడువు తేదీకి కట్టారా అని చూస్తారు, ఒక్క నెల ఆలస్యం కూడా ప్రశ్న అవుతుంది. ఈ వీసా ఒక సంస్థకి కట్టుబడి ఉంటుంది, ఉద్యోగం మారితే మళ్ళీ అనుమతి తీసుకోవాలి.

పౌరసత్వం తీసుకోవడం మంచిదా?

భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. తల్లిదండ్రులు, పొలం, ఇల్లు అక్కడున్నవాళ్ళు శాశ్వత నివాసంతో ఆగుతారు. అదే సరైనదనిపిస్తుంది.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఎన్ని రోజులు ఉండొచ్చు?

ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. వీసా గడువు మిగిలి ఉన్నా, మూడు నెలలు ఏ పనీ లేకుండా ఉంటే రద్దు చేసే అధికారం వాళ్ళకుంది. ఉద్యోగం వెతుకుతున్నట్టు మెయిళ్ళు, ఇంటర్వ్యూ కాగితాలు దాచుకోండి. సంస్థ ఉద్యోగిగా ఉన్నవాళ్ళకి నిరుద్యోగ భృతి ఉంటుంది, హలో వర్క్ అనే ప్రభుత్వ ఉపాధి ఆఫీసులో నమోదు చేసుకోండి. అది మీరు కట్టిన బీమాలోంచి వచ్చేదే, నామోషీ ఏమీ లేదు.

## తిరిగి వెళ్ళేటప్పుడు

కట్టిన పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోవాలా, వదిలేయాలా?

కనీసం ఆరు నెలలు కట్టి, పదేళ్ళలోపే వెళ్ళిపోయేవాళ్ళు రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టి ఏకమొత్తం తీసుకోవచ్చు. ప్రస్తుతం ఐదేళ్ళ వరకే లెక్క కడతారు. ఉద్యోగుల పెన్షన్ అయితే 20 శాతానికి పైగా పన్ను పట్టుకుంటారు, జపాన్‌లో మీ తరఫున పన్ను పనులు చూసే పన్ను ప్రతినిధిని పెట్టుకుంటే అది తిరిగి వస్తుంది. 2016 అక్టోబరు నుంచి భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం ఉంది, రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని కలిపి లెక్కిస్తారు. డబ్బు తీసేసుకుంటే ఆ కాలం లెక్కలోంచి పోతుంది. రెండు మూడేళ్ళు ఉన్నవాళ్ళు తీసుకోవడమే నయం. ఎనిమిది తొమ్మిదేళ్ళు కట్టినవాళ్ళు ఆగి ఆలోచించండి.

ఇండియాలో పోస్టు దొరుకుతుందా?

రామానుజన్, రామలింగస్వామి ఫెలోషిప్‌లు బయటి నుంచి వచ్చేవాళ్ళ కోసమే. వయసు పరిమితులు మారుతుంటాయి, ఏటా ప్రకటన చదవండి. ఇక్కడి పరికరాలు అక్కడ ఉండవు, కాబట్టి ఆఖరి ఏడాదిలో భారత్‌లోని సదుపాయాలతో సాగే సమస్య ఒకటి సిద్ధం చేసుకోండి. ఐఐసీటీ, సీసీఎంబీ, ఐఐటీల్లో సెలవులకి వెళ్ళినప్పుడు సెమినార్ ఇస్తానని ముందే రాయండి. దూరం నుంచి పంపిన బయోడేటా కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఆఖరి వారాల్లో ఏం మరిచిపోకూడదు?

మిగిలిన నివాస పన్ను ఒకేసారి కట్టేయండి, లేదా పన్ను ప్రతినిధిని పెట్టండి. జనవరి 1న ఇక్కడి చిరునామాతో ఉంటే ఆ ఏడాది జూన్ పన్ను కూడా మీ మీద పడుతుంది, ప్రయాణం డిసెంబరులోనా జనవరిలోనా అన్నది ఆలోచించుకోండి. పెద్ద సామాను పారేయడానికి సిటీకి ముందే చెప్పి తేదీ తీసుకోవాలి, ఆఖరి వారంలో దొరకదు. సిటీ హాల్‌లో వెళ్తున్నట్టు నమోదు చేయించండి, రెసిడెన్స్ కార్డు ఎయిర్‌పోర్టులో ఇచ్చేయండి. చేరిన, ముగిసిన తేదీలతో ఉద్యోగ ధ్రువపత్రం, ప్రతి ఏడాది జీతం, పన్ను పత్రం, పెన్షన్ నంబరు ఉన్న కాగితం అసలువి చేతి సంచిలో పెట్టుకోండి, కార్గోలో వేయకండి. మళ్ళీ జపాన్ వచ్చినా, భారత్‌లో పెన్షన్ కలపాలన్నా మొదట అడిగేది అవే.